జాపత్రి లేని కేకు

“ఈ పెనాన్ని సబ్బు పెట్టి తోమిందెవరు?”

ఎర్నెస్టీన్ టాలివర్ బడి నుంచి వచ్చి ఇంకా భుజం మీది సంచీ దించలేదు. పొయ్యి పక్కన బోర్లించి ఉన్న ఇనప పెనాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తోంది. పొద్దున దాకా నూనె తాగి నల్లగా నిగనిగలాడిన పెనం నడిమధ్య బూడిదరంగు మచ్చ తేలింది.

“నేనే,” అన్నాడు ఆమె భర్త వెండెల్. “చేపలు వేయించుకున్నాను. నీచు వాసన పోలేదని కాస్త తోమాను. అదీ తప్పేనా?”

“నీచు పోవాలంటే ఉప్పేసి రుద్దాలని ఈ ఇంట్లో గోడనడిగినా చెబుతుంది. మీ అమ్మమ్మ నాటి పెనం వెండెల్ ఇది. డెబ్బై ఏళ్ళుగా పట్టిన నునుపు. ఒక్క పూటలో కడిగి పారబోశావు.”

“ఇనుమే కదా ఎర్నీ! నూనె రాసి ఓవెన్‌లో పెడితే మళ్ళీ నలుపెక్కుతుంది.”

“ఆఁ, నీకన్నీ మళ్ళీ వచ్చేవే.”

కిటికీ దగ్గర ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తున్న మిస్ ఓటీ తలెత్తింది. ఆవిడ వెండెల్ తల్లి; పెద్దావిడని గౌరవంగా ఊరంతా ‘మిస్’ అనే పిలుస్తుంది. ఎనభై రెండేళ్ళొచ్చి చూపు మందగించింది గానీ, చెవులు మాత్రం పాముచెవులు.

“అది పెనం మీద కోపం కాదురా,” అంది కొడుకుతో. “బడిలో ఏం జరిగిందే అమ్మాయ్?”

ఎర్నెస్టీన్ పెనం దించి, సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పడేసింది. వెండెల్ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. ఏప్రిల్‌లో మూడో తరగతి రాష్ట్ర పరీక్ష జరిగిన రోజున పిల్లలు చూసి రాయకుండా గదిలోని రాతలన్నిటినీ కాగితంతో కప్పి ఉంచాలన్న నియమాన్ని శ్రీమతి టాలివర్ నిర్లక్ష్యం చేశారు కనుక ఈ మందలింపు. కింద ప్రిన్సిపాల్ సంతకం. దాని కింద ఆమె సంతకానికి ఖాళీ గీత.

“నిర్లక్ష్యమా?” అన్నాడు వెండెల్. “ఆ బ్రౌన్ పేపర్ చుట్ట మోసుకొచ్చింది నేనే కదా! ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ అంటించాం. క్యాలెండరు కప్పావు. పిల్లల పుట్టినరోజుల పట్టీ కప్పావు. చేతులు కడుక్కోండి అని కుళాయి మీద రాసి ఉంటే అదీ కప్పావు.”

“తలుపు మీది పలక కప్పలేదు.”

“కోచ్ బొమ్మ ఉన్నదా?”

“అదే.”

ఆ పలక సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఇరవై ఏళ్ళు హైస్కూలు పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించి, ఆ గెలుపుల పుణ్యాన ఈ బడికి ప్రిన్సిపాలైన గ్రేడీ హోల్కమ్, పోయిన ఆగస్టులో తనే డ్రిల్లు పట్టుకుని గదిగదికీ తిరిగి తలుపుల పైన గోడకి బిగించాడు. కష్టమైన పదాలు విడగొట్టి అర్థం పట్టుకునే చిట్కాలు పది, వాటి కింద టోపీ పెట్టుకుని బొటనవేలెత్తిన ఆయన ఫొటో. దాని మీద ఏదీ అంటించవద్దని, టేపు తగిలితే రంగు లేస్తుందని అప్పట్లో సర్క్యులర్ కూడా పంపాడు.

“మరి ఆయనే కదా అంటించొద్దన్నాడు!” అన్నాడు వెండెల్.

“‘నేనెప్పుడన్నాను మిసెస్ టాలివర్?’ అన్నాడు. నా మొహం మీదే. నవ్వుతూ.” ఎర్నెస్టీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “పదకొండు గదుల్లో ఒక్కరమూ కప్పలేదు. తనిఖీకి వచ్చినావిడ తొంగిచూసింది నా ఒక్క గదిలోకే. ఎవరో ఒకరి పేరు రాసి పంపాలి కదా. నేనెలాగూ ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. పోయేదాని నెత్తిన రుద్దితే సరిపోతుందనుకున్నాడు.”

“ఆ సర్క్యులర్ చూపించు.”

“ఎవరి దగ్గరుంది? ఆగస్టు నాటి కాగితం. వచ్చినవి వచ్చినట్టు అందరం చెత్తబుట్టలో వేశాం.”

శుక్రవారం దాకా గడువు. సంతకం పెడితే ఉత్తరం ఆమె ఫైల్లోనే పడి ఉంటుంది. ఆ సాయంత్రం వీడ్కోలు సభ, ఊగుడు కుర్చీ బహుమానం, చప్పట్లు. పెట్టకపోతే రాష్ట్ర కార్యాలయానికి వెళ్తుంది. విచారణ జరుగుతుంది, టీచరు లైసెన్సు రద్దు దాకా రావచ్చు.

“పెట్టేసెయ్ ఎర్నీ,” అన్నాడు వెండెల్ మెల్లగా. “సెప్టెంబరులో సముద్రం ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటే ఆ ఫైలు ఎవడు తెరిచి చూస్తాడు?”

“నేను చూస్తాను. కళ్ళు మూసుకున్నప్పుడల్లా చూస్తాను.”

లేచి పెనాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని ఆ బూడిదరంగు మచ్చని బొటనవేలితో గట్టిగా రుద్దింది.

మర్నాడు ఏడుంపావుకే కార్ల వరస బడి చుట్టూ తిరిగి రోడ్డెక్కింది. ఎర్నెస్టీన్ పసుపు కోటు తొడుక్కుని ఒక్కొక్క కారు తలుపూ తీసి పిల్లల్ని దింపుతోంది. ఒకడికి చెప్పు లేదు. ఒకమ్మాయి అట్టు ముక్క నములుతూ దిగింది. సన్నగా వాన మొదలైంది. కోచ్ హోల్కమ్ వసారా కింద కాఫీ కప్పుతో నిలబడి ప్రతి పిల్లాడి అరచేతినీ చరుస్తున్నాడు.

“కుర్చీ వచ్చేసింది మిసెస్ టాలివర్!” అన్నాడు, ఆమె లోపలికి రాగానే. “గట్టి ఓక్ చెక్క. వీపు మీద బడి ముద్ర కూడా చెక్కించాను. మీ సంతకం ఒక్కటి పడిందంటే నా బల్ల ఖాళీ అయిపోతుంది.”

“ఇంకా ఒక రోజుంది కదా కోచ్.”

“ఉంది, ఉంది. తొందరపెట్టే మనిషిని కాను నేను.” ఓడిపోయిన ఆటగాణ్ణి తట్టినట్టు ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ చెయ్యి పడ్డ చోటు ఆమెకి మధ్యాహ్నం దాకా తెలుస్తూనే ఉంది. సంగీతం క్లాసుకి పిల్లల్ని పంపి, గోడల మీది బొమ్మలు ఊడదీయడానికి కూర్చుంది. పిన్నులు ఒక్కొక్కటీ పీకి కాఫీ డబ్బాలో వేస్తోంది. పిన్ను పడ్డప్పుడల్లా టంగుమంటోంది. తలుపు మీద నుంచి ఆయన బొటనవేలెత్తి నవ్వుతూనే ఉన్నాడు. పరీక్ష నిబంధనల పుస్తకం చివరి అట్ట మీద, ఫిర్యాదు చేయదలచినవారికి ఒక ఫోన్ నంబరుంది. ఆమె ఆ పేజీ దగ్గర పెన్సిలు పెట్టి, లేచి పక్క గదికి వెళ్ళింది.

పక్క గది ట్వైలా ప్రిడీది. ఇద్దరూ పదిహేనేళ్ళుగా ఒకే గోడకి అటూ ఇటూ.

“రాష్ట్రం వాళ్ళకి ఫోన్ చేస్తున్నాను ట్వైలా. సర్క్యులర్ అందరికీ వచ్చిందని నువ్వొక్క మాట చెబితే చాలు.”

ట్వైలా లేచి తలుపు మూసింది. “నీ గదిలో తలుపు పిల్లల వీపు వెనక ఉంది. వాళ్ళు ఆ పలక చూడలేదు కాబట్టి మార్కులు నిలిచాయి. నా గదిలో తలుపెక్కడుందో చూడు.”

ఎర్నెస్టీన్ చూసింది. తలుపు బోర్డు పక్కనే ఉంది. తలుపు మీద కోచ్, ఆయన పది చిట్కాలు, ముందు వరస పిల్లలకి చేతికందేంత దగ్గరగా.

“పరీక్ష రాసినంతసేపూ వాళ్ళ కళ్ళెదురుగానే ఉంది,” అంది ట్వైలా. “అవతలి మూడో తరగతి గదిలోనూ అంతే. నేను నోరు విప్పితే రెండు గదుల మార్కులూ కొట్టేస్తారు. ముప్ఫై ఎనిమిది మంది. అందరూ మళ్ళీ రాయాలి. తప్పినవాళ్ళు మూడో తరగతిలోనే ఉండిపోతారు. నీకు చెయ్యెత్తి దణ్ణం పెడతాను, ఫోన్ చెయ్యకు.”

తలుపు తోసుకుని జకైలా వచ్చింది. పోయినేడు ఎర్నెస్టీన్ దగ్గర చదివి తప్పిన పిల్ల. ఈ ఏడు ట్వైలా గదిలో అదే పాఠాలు మళ్ళీ మొదటి నుంచి చదివింది.

“టాలివర్ మేడమ్! మీకు చూపించనే లేదు!” అంటూ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసింది. మడతల దగ్గర కాగితం గుడ్డలా మెత్తబడిపోయింది. “ఒక్క మార్కు మేడమ్! ఒక్క మార్కుతో గట్టెక్కాను. మా నాయనమ్మ ఫ్రేము కట్టిస్తానంది.”

“ఒక్కటి చాలమ్మా. ఎక్కిన తర్వాత గట్టు గట్టే.”

పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి చీటీ తిరిగి ఇచ్చింది. తన గదిలోకి వచ్చి నిబంధనల పుస్తకంలోంచి పెన్సిలు తీసేసింది. కోచ్ అంత నిబ్బరంగా ఎలా నవ్వగలుగుతున్నాడో అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆయన పిల్లల వెనకాల దాక్కున్నాడు.

ఆ సాయంత్రం వెన్న మెత్తబడటానికి బయటపెట్టి, పిండి జల్లించడం మొదలుపెట్టింది.

“నీ వీడ్కోలుకి నువ్వే కేకు చేసుకుపోవడమేమిటే?” అంది మిస్ ఓటీ.

“చేయకపోతే ఊరంతా దాని గురించే మాట్లాడుతుంది అత్తమ్మా.”

అది మిస్ ఓటీ తల్లి చేసిన కేకు. ఎవరింట్లో చావైనా, పుట్టుకైనా టాలివర్ల కేకు వెళ్ళాల్సిందే. ఎలా చేయాలో మాత్రం గడప దాటదు. పోయిన వేసవి చివర ఒకరోజు, గుడ్లు అయిదో ఆరో మిస్ ఓటీకి గుర్తు రాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎర్నెస్టీన్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, సంచీలో చేతికి దొరికిన కాగితం మీద అంతా రాసేసుకుంది. అప్పటి నుంచీ అది సామాన్ల అలమర తలుపుకి లోపలి వైపు గుచ్చి ఉంది.

కళ్ళజోడు బడిలో మరిచిపోయింది. కాగితం పీకి దీపం కిందకి తెచ్చుకుంది. పంచదార మూడు కప్పులు. గుడ్లు ఆరు, ఒక్కొక్కటే కొట్టి కలపాలి. జాపత్రి పొడి అర చెంచా. ఓవెన్ ముందుగా వేడిచేయకూడదు, చల్లగా ఉండగానే పెట్టాలి. చేతికంటిన వెన్న అంచుకి అంటితే తుడుద్దామని కాగితం తిప్పింది.

వెనక అచ్చు అక్షరాలున్నాయి. కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. తలుపుల మీద నేను బిగించిన పలకలపై టేపు గానీ కాగితం గానీ ఏ రోజునా, ఏ కారణం చేతా అంటించరాదు. పరీక్షల రోజులతో సహా. కింద నీలం సిరాతో గ్రేడీ హోల్కమ్ సంతకం, దాని పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ.

ఎర్నెస్టీన్ నవ్వింది. మొదట చిన్నగా నవ్వి, తర్వాత వంటగట్టు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

వెండెల్ వచ్చి చదివాడు. “పొద్దున్నే పంపించు దీన్ని!”

“పంపితే ఆయనతోపాటు ముప్ఫై ఎనిమిది మంది మునుగుతారు.”

“మరెందుకు ఆ నవ్వు?”

“నేను పంపనని నాకు తెలుసు. ఆయనకి తెలియదు.”

వెండెల్ ఆమె మొహంలోకి చూసి కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆమె వెళ్ళి అత్తగారి ముందు కూర్చుంది.

“మీ కేకు కాగితం ఒకరికి ఇవ్వాలి అత్తమ్మా. నకలు తీసి. మీరు ఊఁ అంటేనే.”

“ఎవరికి?”

“కోచ్‌కి.”

చిక్కుళ్ళు ఒలుస్తున్న మిస్ ఓటీ చేతులు ఆగాయి. “వాళ్ళావిడ డార్లా పన్నెండేళ్ళుగా అడుగుతోంది. నా చెల్లెల్ని పూడ్చిన రోజున కూడా అడిగింది, చేతిలో పళ్ళెంతో.”

“తెలుసు.”

గిన్నెలో చిక్కుడు గింజలు వేళ్ళతో అటూ ఇటూ తోసింది.

“ఇవ్వు. జాపత్రి మాత్రం తీసేసి ఇవ్వు.”

శుక్రవారం పొద్దున ఆఫీసులో ఎవరూ రాకముందే ఎర్నెస్టీన్ జిరాక్సు యంత్రం దగ్గర నిలబడింది. పరీక్షనాడు మిగిలిన బ్రౌన్ పేపర్ చుట్ట ఇంకా మూలనే ఉంది. అందులోంచి వేలెడంత ముక్క కత్తిరించి, జాపత్రి అని రాసిన వరస మీద కొలిచి పెట్టింది. ఈసారి కప్పాల్సింది సరిగ్గా కప్పింది. రెండు వైపులా నకలు తీసుకుంది.

మూడున్నరకి అందరూ లైబ్రరీలో చేరారు. ఊగుడు కుర్చీకి ఎర్ర రిబ్బను కట్టారు. కోచ్ భార్య డార్లా షర్బతు పోస్తోంది. కోచ్ అట్టకి బిగించిన ఉత్తరం, పెన్ను పట్టుకుని పక్కకి వచ్చాడు.

“సంతకం?”

“కేకు కోశాక,” అంది ఎర్నెస్టీన్.

ఆయన ఉపన్యాసం పది నిమిషాలు సాగింది. ముప్ఫై ఏళ్ళ సేవ, జట్టు స్ఫూర్తి, మచ్చలేని జీవితం. ‘మచ్చలేని’ అన్నప్పుడు ఆమె వైపు చూడలేదు. చప్పట్లయ్యాక ఎర్నెస్టీన్ లేచింది.

“ముప్ఫై ఏళ్ళుగా మీరంతా ఒకటే అడుగుతున్నారు. ఇవాళ ఇచ్చేస్తున్నాను. మా అత్తమ్మ కేకు.”

గదంతా గోలెత్తింది. “ఎవరికి? మాకేనా?” అని అరిచింది ట్వైలా.

“కోచ్‌కి.”

“కోచ్‌కా? ఆయనకి గుడ్డు పగలగొట్టడం కూడా రాదు!”

“పుర్రెలు పగలగొట్టడమే వచ్చు!” అన్నారెవరో వెనక నుంచి. ఆయనా నవ్వాడు. కాగితం అందుకుని, గొంతు సవరించుకుని, పైకి చదివాడు. వెన్న, పంచదార, ఆరు గుడ్లు, చల్లటి ఓవెన్. డార్లా పేపర్ రుమాలు మీద గబగబా రాసుకుంటోంది.

“వెనకవైపు కూడా చూడండి కోచ్,” అంది ఎర్నెస్టీన్. “అసలు సంగతి అక్కడుంది.”

ఆయన కాగితం తిప్పాడు. పెదాల మీది నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. కళ్ళు మాత్రం ఒక వరస దగ్గర ఆగి కదల్లేదు. చెవుల తుదలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

“ఏమిటండీ, ఇటివ్వండి, నేను చూస్తాను,” అంది డార్లా చెయ్యి చాచి.

ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. “ఇంటికెళ్ళాక చూద్దువులే.”

“అసలు కాగితం మా ఇంట్లో భద్రంగా ఉందిలెండి,” అంది ఎర్నెస్టీన్. కేకు కోసి మొదటి ముక్క ఆయన పళ్ళెంలో పెట్టింది. “తినండి. ఎండిపోతే గొంతుకి అడ్డం పడుతుంది.”

ఆయన తిన్నాడు. చివరి పొడి కూడా తినేదాకా ఆమె ఎదురుగానే నిలబడింది. అట్టకి బిగించిన ఉత్తరం ఆ తర్వాత ఎక్కడా కనిపించలేదు.

శనివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. బడికి ఒకసారి రాగలరా అని. బట్టలు ఆరేసుకోవాలని చెప్పి, పదకొండింటికి వెళ్ళింది. కోచ్ ఆమె గదిలోనే ఉన్నాడు. ఊగుడు కుర్చీ అక్కడికి చేర్పించాడు. ఆమెను చూడగానే ఉత్తరాన్ని నిలువునా, అడ్డంగా చింపి బుట్టలో వేశాడు.

“అయిపోయింది మిసెస్ టాలివర్. మరి ఆ కాగితం...”

“నా దగ్గరే ఉంటుంది.”

“మీకేం కావాలి?”

ఆమె తలుపు మీదకి చెయ్యి చూపించింది. “ముందు అది దించండి. తర్వాత మిగతా పది.”

“సోమవారం మనిషి వస్తాడు, వాడి చేత...”

“బిగించింది మీరే కదా కోచ్.”

ఆయన నిచ్చెన తెచ్చుకున్నాడు. ఎర్నెస్టీన్ ఊగుడు కుర్చీలో కూర్చుంది. కుర్చీ నిజంగానే గట్టిది, కిర్రుమనలేదు. మొదటి పలక దిగాక రెండో గదికి నిచ్చెన ఆయన మోశాడు, కుర్చీ కూడా ఆయన చేతే మోయించింది. ప్రతి గదిలోనూ ఆమె కూర్చుని మెల్లగా ఊగుతూ చూసింది. మరలు బిగుసుకుపోయి ఉన్నాయి. సున్నం రాలి ఆయన బట్టతల మీద, కనుబొమల మీద పడింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పలకకి నాలుగు చొప్పున నలభై నాలుగు మరలు, ఆమె పట్టుకున్న కాఫీ డబ్బాలో వేశాడు. ట్వైలా గదిలో చివరి మర దగ్గర స్క్రూడ్రైవరు జారి వేలు చీరుకుంది. ఆమె సంచీలోంచి పట్టీ తీసి ఇచ్చింది. పట్టీతోపాటు ఇంకో కాగితమూ ఇచ్చింది.

నిచ్చెన మెట్టు మీద నిలబడే దాన్ని రెండుసార్లు చదివాడు. “మీరు... నిజంగానే?”

“పెన్ను మీ జేబులోనే ఉంది.”

సంతకం పెట్టాడు. దిగి, చేతులు తుడుచుకుని, మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు. “ఆ సర్క్యులర్ రాష్ట్రానికి పంపరు కదా?”

“మీరేమనుకుంటున్నారు?” అని కాఫీ డబ్బా మూత పెట్టి ఆమె లేచింది.

ఆదివారం చర్చి అయ్యాక బల్ల చుట్టూ నలుగురు. జాక్సన్‌లో నర్సుగా ఉన్న కూతురు రెనీటా వచ్చింది. వేయించిన కోడి, చిక్కుళ్ళు, ఉడికించిన ఆకుకూర, మధ్యలో పెనంతో సహా తెచ్చి పెట్టిన మొక్కజొన్న రొట్టె. వెండెల్ మూడు రోజులుగా నూనె రాసి ఓవెన్‌లో పెడుతూ వచ్చాడు. మచ్చ సగం నలుపెక్కింది.

“చర్చి మెట్ల దగ్గర డార్లా పట్టుకుంది నన్ను,” అంది మిస్ ఓటీ. “నిన్న కేకు చేసిందట. అన్నీ వేసినా ఏదో తక్కువైందట.”

“మీరేమన్నారు?”

“చెయ్యి తిరగాలమ్మా, నాలుగుసార్లు చేస్తే అదే వస్తుందన్నాను.”

వెండెల్ పొలమారేదాకా నవ్వాడు. రెనీటా నవ్వలేదు. తల్లి చెప్పినదంతా విని ఫోర్కు పక్కన పెట్టింది.

“అమ్మా, అది బెదిరింపు కదూ?”

“అవును.”

“ఆయన చేసింది ఎవరికీ తెలియదు. నువ్వూ దాచావు. ఇందులో న్యాయమెక్కడుంది?”

“న్యాయం చేస్తే జకైలా మళ్ళీ మూడో తరగతిలో కూర్చుంటుంది. అందుకని న్యాయం జోలికి పోలేదు.” ఎర్నెస్టీన్ రొట్టె ముక్క తుంచి, తినకుండా పళ్ళెం అంచున పెట్టింది. “నేనూ ఒకటి కప్పాను. నాకు తెలుసు. అది నేను మోస్తాను. ఆయన మోయాల్సింది ఆయన మొయ్యాలి.”

“పోనిద్దూ,” అన్నాడు వెండెల్. “ఉత్తరం చిరిగింది, పేరు నిలిచింది. సెప్టెంబరు అయిదు నుంచి సముద్రం దగ్గర గది మాట్లాడాను. కిటికీలోంచే గాలం వెయ్యొచ్చట.”

ఎర్నెస్టీన్ ఏప్రన్ జేబులోంచి ఒక కాగితం తీసి, ఆకుకూర గిన్నె పక్కగా అతని ముందుకి జరిపింది. సంతకం పక్కన ఎండిన నెత్తుటి చుక్క ఉంది.

“సెప్టెంబరులో నువ్వూ అత్తమ్మా వెళ్ళండి,” అంది. “నా రిటైర్మెంటు వెనక్కి తీసుకున్నాను. కోచ్ సంతకం పెట్టాడు. ఆగస్టులో మళ్ళీ అదే గది, అదే కుర్చీ.”

వెండెల్ కాగితం చూశాడు, భార్యని చూశాడు. “ఎన్నాళ్ళు ఎర్నీ?”

“ఆయనకింకా ఆరేళ్ళ సర్వీసుంది,” అంది ఎర్నెస్టీన్. “రోజూ పొద్దున ఏడుంపావుకి నా మొహం చూసే లోపలికి వెళ్ళాలి. ఆయన వీడ్కోలు సభకి కేకు నేనే చేస్తాను. ఆ మర్నాడు రిటైరవుతాను.”